టర్రెట్ అంటించకండి



మీ అమ్మమ్మనో నాయనమ్మనో ఒకసారి కూర్చోబెట్టి, "నీ పెళ్లి ఎలా జరిగింది?" అని అడిగి చూడండి. "ఏముంది, అందరికీ అయినట్టే అయింది" అంటుంది. అంతటితో సరి. అదే, అటక మీదనుంచి ఆవిడ పుట్టింటివాళ్లు సారెలో పెట్టిన ఇత్తడి బిందె దించి చేతికివ్వండి. బిందె మెడ దగ్గర సొట్ట తడుముతుంది. ఆ సొట్ట ఎలా పడిందో చెప్తుంది. అత్తారింటికి వస్తుంటే ఏ వాగు దగ్గర బండి ఒరిగిందో చెప్తుంది. బండి తోలినవాడి పేరు కూడా చెప్తుంది. మీకు గంట గడిచినట్టే తెలియదు.

ప్రశ్నకి రాని మాట వస్తువు చేతికిస్తే వచ్చింది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. కాకపోతే నా చేతిలో ఉన్నది బిందె కాదు, యుద్ధ ట్యాంకు. జానెడు పొడుగున్న ప్లాస్టిక్ ట్యాంకు.

నేను ట్యాంకుల నమూనాలు కడతాను. ఇరవై ఏళ్లుగా నా తీరుబడి అంతా దీనికే. పెట్టె విప్పితే లోపల ప్లాస్టిక్ చట్రాలు ఉంటాయి. కొమ్మకి చింతకాయలు వేలాడినట్టు ఆ చట్రాలకి చిన్నచిన్న ముక్కలు అంటుకుని ఉంటాయి. చక్రాలు, గొలుసు పట్టాలు, మూతలు, కొక్కేలు, ఇలా కొన్ని వందల ముక్కలు. ఒక్కొక్కటే కత్తిరించాలి. అంచు సాపు చెయ్యాలి. జిగురుతో అతకాలి. ఆ జిగురు మనం కాగితాలకి రాసే బంకలాంటిది కాదండి. అది ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. కరిగిన రెండు ముక్కలూ కలిసి ఒకటైపోతాయి. మళ్లీ ఊడదీయాలంటే విరగాల్సిందే. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

మన కొండపల్లి బొమ్మల పనీ ఇంచుమించు ఇలాంటిదే. తెల్లపొణికి కర్రలో చెయ్యి విడిగా, కాలు విడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కొండపల్లిలో తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుడి బొమ్మ చేస్తారు, మీరు చూసే ఉంటారు. అది చేసేవాడు తాడిచెట్టునీ చూశాడు, ఎక్కే మనిషినీ చూశాడు. మోకు ఎక్కడ బిగుస్తుందో అతనికి తెలుసు. మా సంగతి అలా కాదు. ట్యాంకులు కట్టేవాళ్లలో చాలామందిమి ట్యాంకు లోపల ఒక్కసారైనా కూర్చోలేదు. పెట్టెలో వచ్చిన కాగితం చూసి కడతాం. కాగితం చెప్పనిది మాకు తెలియదు.

మేం ఎక్కువగా కట్టేది 35వ వంతు నమూనా. అంటే అసలు ట్యాంకు మీద 35 సెంటీమీటర్లు ఉన్నది నమూనా మీద ఒక్క సెంటీమీటరు ఉంటుంది. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి మీ చిటికెనవేలంత అవుతాడు. 35 అనే లెక్క ఎందుకు వచ్చిందంటారా? జపాన్‌లో షిజుఓకా అనే ఊళ్లో తమియా అనే కంపెనీ ఉంది. మొదట్లో వాళ్లది కలప వ్యాపారం. 1960ల మొదట్లో ఒక జర్మన్ ట్యాంకు నమూనా చేస్తూ, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టాలి కదా అని, వాటికి తగ్గ సైజు పెట్టుకున్నారు. తీరా కొలిస్తే అది 35వ వంతు అయింది. బ్యాటరీల కోసం కుదిరిన లెక్క ప్రపంచమంతా వాడుక అయిపోయింది.

ఇప్పుడు నా పొరపాటు సంగతి చెప్తాను.

మా వీధి చివరింట్లో ఒక పెద్దాయన ఉన్నారు. 1965లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో సెంచూరియన్ ట్యాంకు నడిపారు. సెంచూరియన్ అంటే బ్రిటిష్‌వాళ్లు తయారుచేసిన ట్యాంకు. బరువు 50 టన్నులు. దాని ఇంజను పేరు మీటియర్. స్పిట్‌ఫైర్ విమానాలకి పెట్టిన ఇంజన్నే మార్చి ట్యాంకుకి పెట్టారు. 650 హార్స్‌పవర్. లోపల నలుగురు ఉంటారు. ముందు కుడివైపు డ్రైవరు. పైన గుండ్రంగా తిరిగే తలకాయలాంటి భాగంలో మిగతా ముగ్గురు. దానినే టర్రెట్ అంటారు. ఫిరంగి గొట్టం దానికే ఉంటుంది. టర్రెట్‌లో కుడివైపు ముందు గన్నరు, ఆయన వెనకాల కమాండరు, ఎడమవైపు లోడరు. లోడరంటే గొట్టంలో గుండు ఎక్కించేవాడు. రేడియో చూసుకోవడం కూడా ఆయన పనే.

నేను మూడు నెలలు కష్టపడి సెంచూరియన్ కట్టాను. రంగు వేశాను. బురద చల్లాను, తుప్పు మరకలు పెట్టాను. అన్ని ముక్కలూ గట్టిగా అతికించాను. పట్టుకెళ్లి పెద్దాయన చేతిలో పెట్టాను. "తాతగారూ, మీ ట్యాంకు" అన్నాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశారు. "బాగుంది బాబూ, చాలా బాగా చేశావు" అన్నారు. బల్ల మీద పెట్టేశారు. కాఫీ తెప్పించారు. యుద్ధం గురించి చెప్పండి అంటే, "ఏముంది, వెళ్లాం, వచ్చాం" అన్నారు.

అమ్మమ్మ పెళ్లి మాటే చూడండి. అచ్చం అదే జవాబు.

తర్వాత ఏడాది ఇంకో సెంచూరియన్ మొదలుపెట్టాను. అది సగంలో ఉండగా ఏదో పని మీద పెద్దాయనే మా ఇంటికి వచ్చారు. బల్ల మీద రంగు లేని ట్యాంకు ఉంది. టర్రెట్ ఇంకా అంటించలేదు, ఊరికే పైన ఆనించి ఉంది. ఆయన కూర్చున్నారు. చెయ్యి దానంతట అదే అటు వెళ్లింది. టర్రెట్ పైకెత్తి పక్కన పెట్టారు. లోపలికి చూశారు. తర్వాత ట్యాంకుని తీసి ఒళ్లో పెట్టుకున్నారు. దాని ముఖం ఎటుందో, తన ముఖం అటే ఉండేట్టు తిప్పుకున్నారు. చూపుడువేలు కుడివైపు రంధ్రంలో పెట్టి, "ఇక్కడ కూర్చునేవాడిని" అన్నారు.

నేను ఏమీ అడగలేదు. ఆయనే చెప్పుకుంటూ పోయారు.

"నేను యుద్ధం చూడలేదు బాబూ, చెరకు చూశాను" అన్నారు. తలుపు మూసుకుంటే డ్రైవరుకి కనబడేది పెరిస్కోపు అద్దంలో ఉన్నంతే. సియాల్‌కోట్ వైపు చెరకు తోటలు. అద్దం నిండా ఆకులే. ఎటు వెళ్లాలో కమాండరు చెవిలో చెప్పాలి, ఈయన లాగాలి. ట్యాంకుకి స్టీరింగు చక్రం లేదు. రెండు చేతులకీ రెండు లివర్లు. ఎడమ లివరు లాగితే ఎడమకి, కుడిది లాగితే కుడికి. ఇది చెప్తున్నప్పుడు ఆయన పిడికిళ్లు బిగుసుకున్నాయి. భుజాలు వెనక్కి వెళ్లాయి. నాగలి మేడి పట్టినవాడి చేతుల్లాగే ఉన్నాయి ఆ చేతులు.

తర్వాత టర్రెట్ మళ్లీ పైన పెట్టి తిప్పారు. ఫిరంగి గొట్టం డ్రైవరు కూర్చునే చోటు మీదికి తెచ్చి ఆపారు. "తలుపు తెరిచి, తల బయటపెట్టి నడిపేవాళ్లం. అప్పుడు గొట్టం తిప్పాలంటే గన్నరు ముందు కేకేసి చెప్పాలి. చెప్పకుండా తిప్పితే నా తల ఉండదు" అన్నారు. నవ్వారు. మళ్లీ తిప్పారు. ఆ గన్నరు ఎప్పుడూ మర్చిపోలేదట. అరవై ఏళ్ల తర్వాత ఆ గన్నరు మీద ఆయనకున్న కృతజ్ఞత నేను ఆ తిప్పడంలో చూశాను.

మొదటి నమూనాలో ఈ మాట ఎందుకు రాలేదు? దాని టర్రెట్ తిరగదు కాబట్టి. నేను అంటించేశాను కాబట్టి. మూత పైకి లేవదు, లోపలికి వేలు వెళ్లదు. అది అద్దాల బీరువాలో పెట్టే వస్తువు. చూసి మెచ్చుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. రెండోదాన్ని ఆయన పట్టుకున్నారు, విప్పారు, తిప్పారు. అప్పుడే మాట వచ్చింది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. టర్రెట్ అంటించకండి. రంగు వెయ్యకండి. ముందు ఆ ట్యాంకులో పనిచేసిన మనిషి చేతికివ్వండి.

నేను రంగు గురించి కూడా అడిగాను. ఆకుపచ్చలో ఏ ఛాయ తాతగారూ అని. నమూనాలు కట్టేవాళ్లం దీని మీద నెలల తరబడి వాదించుకుంటాం. ఆయన విచిత్రంగా చూశారు. "రంగెక్కడ కనబడింది? దుమ్మే కదా" అన్నారు. "టీ ఎక్కడ కాచుకునేవారు?" అని అడిగాను. సెంచూరియన్‌లో కరెంటుతో నీళ్లు కాగే పాత్ర ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సిపాయిలు టీ కాచుకోవడానికి ట్యాంకు దిగి, బయట దెబ్బతినేవారు. అందుకని ఆ తర్వాత ఆ ఏర్పాటు లోపలే పెట్టారు. పెద్దాయన మాత్రం టీ మాట వదిలేసి నీళ్ల మాట ఎత్తుకున్నారు. కాన్వాసు గుడ్డతో కుట్టిన నీళ్ల సంచి ఉండేదట. చాగల్ అంటారు. టర్రెట్ పక్కన కొక్కేనికి కట్టేవారట. గుడ్డ చెమ్మకి నీళ్లు చల్లబడతాయి, మన మట్టికుండలో లాగే. నా పెట్టెలో వచ్చిన కాగితంలో చాగల్ లేదు. పాత జేబురుమాలు ముక్క కత్తిరించి నేనే కుట్టాను. గోరంత సంచి. నా నమూనాల్లో నేను అన్నింటికంటే గర్వపడేది దానికే.

ఆ తర్వాత ఆయన ఎడమవైపు చూపించారు. లోడరు కూర్చునే చోటు. ఒక పేరు చెప్పారు. ఆ పేరు నేనిక్కడ చెప్పను. చెప్పి ఆగిపోయారు. టర్రెట్ మెల్లగా దాని స్థానంలో పెట్టేశారు. నేను అడగలేదు. మా ఆవిడ మజ్జిగ తెచ్చింది. ఆ రోజుకి అంతే.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఏం అడగాలన్నది ముఖ్యమే. ఏం అడగకూడదన్నది అంతకంటే ముఖ్యం. "ఎంతమందిని చంపారు?" అని పిల్లలు అడుగుతారు. పెద్దవాళ్లం మనం కూడా అడుగుతాం. ఆ ప్రశ్న వద్దు. ఎక్కడ కూర్చునేవారు? కాళ్లు ఎక్కడ పెట్టుకునేవారు? పక్కన ఎవరు? రాత్రి ఎక్కడ పడుకునేవారు? ఇవి అడగండి. పనివాణ్ని పని గురించి అడిగినట్టు అడగండి. ఆయన ఆగితే మీరూ ఆగండి.

చరిత్ర పుస్తకాల్లో ట్యాంకు గురించి చెప్పేటప్పుడు సాధారణంగా ఒక్క పేరే చెప్తారు. అరుణ్ ఖేత్రపాల్ పేరు మీరు వినే ఉంటారు. పూనా హార్స్ రెజిమెంటు. 1971 డిసెంబరు 16, బసంతర్ యుద్ధం. ఆయన ట్యాంకు కూడా సెంచూరియనే. దాని పేరు ఫామగుస్టా. ట్యాంకుకి దెబ్బ తగిలి మంటలు లేచాయి. వదిలి వచ్చేయమని పైనుంచి ఆదేశం. తన ఫిరంగి ఇంకా పనిచేస్తోంది, వదలను అని రేడియోలో జవాబిచ్చారు. పోరాడుతూనే ప్రాణం విడిచారు. అప్పటికి వయసు 21. పరమవీర చక్ర ఇచ్చారు. ఇంతవరకు చాలామందికి తెలుసు. కానీ ఫామగుస్టాలో నలుగురున్నారు. ప్రయాగ్ సింగ్ నడిపారు. నాథూ సింగ్ గన్నరు. నంద్ సింగ్ కూడా ఆ రోజే ఆ ట్యాంకులోనే ప్రాణాలిచ్చారు. ఎవరైనా ఫామగుస్టా నమూనా కడితే కింద ఈ నాలుగు పేర్లూ రాయాలి. నా అభిప్రాయం ఇది. ఒక్క పేరు రాస్తే ఆ నమూనా పూర్తికానట్టే.

ఆ కథకి తరువాయి కూడా ఉంది. 2001లో అరుణ్ తండ్రి బ్రిగేడియర్ ఖేత్రపాల్ పాకిస్తాన్ వెళ్లారు. దేశ విభజనకి ముందు వాళ్ల సొంత ఊరు అటువైపే. ఆయనకి ఆతిథ్యం ఇచ్చింది ఒక పాకిస్తానీ బ్రిగేడియరు, పేరు నాసర్. ఆ నాసరే ఒక రాత్రి ఆయనతో, ఆ రోజు మీ అబ్బాయి చనిపోయింది నా చేతుల్లోనే అని చెప్పుకున్నారు. ముప్ఫై ఏళ్లు ఆ మాట లోపల దాచుకున్న మనిషి ఆయన. ట్యాంకు వాళ్ల జ్ఞాపకాలకి సరిహద్దు కంచె అడ్డం రాదు.

మన ప్రాంతానికి ఈ ట్యాంకులతో ఏం సంబంధం అనుకోకండి. అదే పూనా హార్స్‌కి 1965లో నాయకత్వం వహించిన లెఫ్టినెంట్ కర్నల్ తారాపోర్ సైనిక జీవితం మొదలైంది హైదరాబాద్ సంస్థానం సైన్యంలోనే. ఫిల్లోరా దగ్గర గాయపడ్డారు. వెనక్కి రానన్నారు. 1965 సెప్టెంబరు 16న కన్నుమూశారు. ఆయనకీ పరమవీర చక్ర. అదే ఏడాది పంజాబులో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ పాటన్ ట్యాంకులకి ఎదురు నిలిచిన రెజిమెంట్లలో డెక్కన్ హార్స్ ఒకటి. అది పాత హైదరాబాద్ కంటింజెంట్ అశ్వికదళాల వారసత్వం. వాళ్ల దగ్గరున్నవి రెండో ప్రపంచయుద్ధం నాటి షెర్మన్లు. 16 కావల్రీ అయితే దక్షిణాది జవాన్ల రెజిమెంటు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ఊరికే మిలటరీ మాధవరం అనరు కదా. ఇంటికో సిపాయి. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో శరత్ అనే యుద్ధవాహనాలు తయారవుతాయి. వాటికి వెల్డింగు చేసి రిటైరైన వాళ్ల దగ్గర కూడా చెప్పాల్సిన మాటలు ఉంటాయి. అడగాలి.

కాగితంలో దొరకనివి ఎలాంటివో ఇంకొక్క ఉదాహరణ చెప్తాను. 1971లో తూర్పున గరీబ్‌పూర్ దగ్గర మనవాళ్లు పీటీ-76 అనే ట్యాంకులతో పోరాడారు. అది నీళ్లమీద తేలే ట్యాంకు. పంజాబీ జవాన్లు దానికి పెట్టుకున్న పేరు పిప్పా. పిప్పా అంటే నెయ్యి డబ్బా. ఖాళీ నెయ్యి డబ్బా నీళ్లమీద తేలుతుంది కదా, అందుకని. ఏ కంపెనీ పెట్టె మీదా ఈ పేరు ఉండదు. అందులో కూర్చున్నవాళ్ల నోటి మీదే ఉంటుంది.

సరే, ఇది మీరు ఎలా చెయ్యాలి? నమూనా పెట్టెలు ఖరీదైనవి. వేలల్లో ఉంటాయి. కొనలేకపోతే బెంగపడకండి. అట్టపెట్టె చాలు. కిందది ఒక పెట్టె, పైన తిరిగేది ఇంకో చిన్న పెట్టె. ఫిరంగికి ఒక పుల్ల. రెంటినీ అతకొద్దు. పైది కింద పెట్టె మీద ఊరికే ఆనించండి. కొలత తేడా ఉంటే ఆయనే చెప్తారు. "ఇది ఇంత ఎత్తు ఉండదు బాబూ" అంటారు. ఆ దిద్దుబాటులోంచే కథ వస్తుంది. నిజానికి మరీ అందంగా ఉన్నదాన్ని ముట్టుకోవడానికి పెద్దవాళ్లు జంకుతారు. అట్టముక్కకి ఆ బెదురు ఉండదు.

చెప్పింది వెంటనే రాసుకోండి. ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చెయ్యండి. ఒప్పుకుంటేనే సుమా. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఆయన చెప్పింది ఎడమ పేజీలో రాయండి. పుస్తకాల్లో, ఫోటోల్లో దొరికింది కుడి పేజీలో రాయండి. రెండూ కలవకపోతే ఆయనతో వాదించకండి, ఎడమ పేజీ కొట్టెయ్యకండి. తేదీ తప్పు చెప్పొచ్చు. నెల తప్పు చెప్పొచ్చు. కానీ ఏ చెయ్యి ఏ లివరు మీద ఉందో తప్పు చెప్పరు. అది చేతులు దాచుకున్న జ్ఞాపకం. పేరు, రెజిమెంటు, ఏ సంవత్సరం, ట్యాంకులో ఏ స్థానం, ఇవి ఒక చీటీ మీద రాసి నమూనా అడుగున అంటించండి. అంటించాల్సింది అదొక్కటే.

ఆ తర్వాత రంగు వేసుకోండి. కిటికీలు తెరిచి వెయ్యండి. జిగురు, థిన్నరు వాసన పిల్లలకి మంచిది కాదు.

మళ్లీ చెప్తున్నాను. టర్రెట్ అంటించకండి. ముందు చేతికివ్వండి. ఆయన విప్పేదాకా ఆగండి.

1965లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లుగా ట్యాంకు ఎక్కినవాళ్లు ఇప్పుడు ఎనభై ఏళ్లవాళ్లు. 1971 నాటివాళ్లు డెబ్బయ్యయిదు దగ్గర ఉన్నారు. మీ వీధిలోనో, మీ అత్తారి ఊళ్లోనో, పింఛను కోసం బ్యాంకుకి వచ్చే వరసలోనో ఒకరు ఉంటారు. ఈ ఆదివారం ఒక అట్టపెట్టె పట్టుకుని వాళ్లింటికి వెళ్లండి. వాయిదా వెయ్యకండి.